ఇంట్లో ఒకరి ఉద్యోగం పోయేలా ఉంటే ఇల్లు గడిచేదెలా: తరచుగా అడిగే ప్రశ్నలు

మేం ఉండేది విశాఖపట్నం గాజువాకలో. స్టీల్‌ప్లాంట్‌లో వాటా మొత్తం అమ్మేయాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించిన దగ్గర నుంచి, ఇటు కూర్మన్నపాలెం అటు ఆటోనగర్ దాకా "ఉద్యోగం ఉంటుందా, ఊడుతుందా" అన్న మాట వినపడని రోజు తక్కువ. మా ఆయనది స్టీల్‌ప్లాంట్ కాదు, పరవాడ వైపు ఒక ప్రైవేటు కంపెనీలో మెయింటెనెన్స్ పని. అయినా ఒక రోజు ఆ మాట మా ఇంటికీ వచ్చింది. నేను ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, నా జీతం 14,000. ఆ ఏడాది ఎలా గడిపామో తెలిసిన వాళ్లు, స్టాఫ్‌రూమ్‌లో తోటి టీచర్ల నుంచి మా తోడికోడలి దాకా, అవే ప్రశ్నలు అడుగుతుంటారు. అందరికీ చెప్పిన జవాబులే ఇక్కడ రాస్తున్నాను.

ఇంకా ఉద్యోగం పోలేదు, అంతా పుకారే. ఇప్పటి నుంచే జాగ్రత్త పడాలా?

పడాలి. జీతం పడుతున్న నెలలే అసలైన నెలలు. అప్పుడు చేయగలిగిన పనులు చాలావరకు జీతం ఆగాక చేయలేం: బ్యాంకువాడు మాట వినడు, చీటీకి షూరిటీ దొరకదు, పీఎఫ్‌లో పేరు తప్పు దిద్దించుకోవాలంటే పాత హెచ్‌ఆర్ ఫోన్ ఎత్తడు.

మా ఆయనకు విషయం తెలిశాక నాకు చెప్పడానికి నలభై రోజులు పట్టింది. నేను టెన్షన్ పడతానని దాచారు. ఆ నలభై రోజుల్లోనే నేను కొత్త ఫ్రిజ్ ఈఎంఐ మీద తెప్పించాను, నెలకు 2,400. ఆయన పక్కనే నిలబడి రంగు ఎంచారు. ఆ రోజు ఆయన మనసులో ఏముందో తర్వాత తెలిసినప్పుడు నాకు ఫ్రిజ్ గురించి కాదు, ఆయన ఒక్కరే మోసినందుకు ఏడుపొచ్చింది. అందుకే ఎవరడిగినా మొదట చెప్పేది ఇదే: వార్త తెలిసిన రాత్రే ఇద్దరూ కూర్చోండి.

మా ఆయన నోరు విప్పడు. ఎలా అడగాలి?

"ఉద్యోగం ఉంటుందా పోతుందా" అని అడిగితే ఎవరూ చెప్పలేరు, వాళ్లకే తెలియదు కదా. "జీతం ఆగితే ఏ నెల దాకా నెట్టుకురాగలం, ఒకసారి లెక్క చూద్దాం" అని కాగితం పెన్ను పట్టుకుని కూర్చోండి. మనిషి గురించి కాకుండా లెక్క గురించి మాట్లాడితే మాట బయటికి వస్తుంది. పిల్లలు పడుకున్నాక మాట్లాడండి, అత్తమామల ముందు వద్దు. ఉద్యోగం పోయేది భార్యదైనా ఇంతే. ఆడవాళ్ల జీతాన్ని "పై ఖర్చులకు" అనుకునే ఇళ్లలో అది ఆగాక గానీ తెలియదు, స్కూలు ఫీజు, పాలు, మందులు అన్నీ అందులోంచే వెళ్తున్నాయని.

నెలకు కచ్చితంగా ఎంత కావాలో ఎలా తెలుస్తుంది?

మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌పే హిస్టరీ ముందు పెట్టుకుని, ఏం జరిగినా ఆగని ఖర్చులు మాత్రం రాయండి. మాకు వచ్చింది ఇది: ఇంటి లోన్ ఈఎంఐ 13,800, సరుకులు పాలు కూరగాయలు 11,000, కరెంటు గ్యాస్ ఫోన్లు 3,200, అత్తయ్యగారి మందులు 1,800, ఇద్దరి స్కూలు ఫీజు నెలకు పంచితే 4,500, ఇన్సూరెన్స్ ప్రీమియాలు పంచితే 1,700, ఆ ఫ్రిజ్ 2,400. మొత్తం 38,400. నా జీతం పోగా నెలకు 24,400 తక్కువ. చేతిలో ఉన్నది 1,22,000, అంటే సరిగ్గా ఐదు నెలలు.

ఆ అంకె చూశాక నాకు భయం పెరగలేదు, తగ్గింది. అప్పటిదాకా "ఏమైపోతామో" అనే ఉంది, ఆ తర్వాత "ఐదు నెలలు ఉన్నాయి" అయింది. ఏడాదికోసారి వచ్చే ఖర్చుల్ని మాత్రం వదిలేయకండి. బండి ఇన్సూరెన్స్, ఇంటి పన్ను, స్కూలు పుస్తకాలు అన్నీ జూన్ చుట్టూనే వచ్చి మీద పడతాయి.

ఏ ఖర్చులు ముందు తగ్గించాలి?

తిండి తగ్గించకండి, కొనే చోటు మార్చండి. మేం వీధి చివర బండి మానేసి రైతుబజారుకు వెళ్లడం మొదలుపెట్టాం. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం, ఎటు ఉన్నా దగ్గరలో ఒకటి ఉంటుంది, వారానికి ఒకసారి పొద్దున్నే వెళ్తే చాలు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. స్కూటీ పెట్రోలు అలా మిగిలింది. మందులకు జన ఔషధి దుకాణంలో అదే మందు ఉందేమో డాక్టరుగారిని అడిగి మార్చండి, అత్తయ్యగారి బీపీ మాత్రల ఖర్చు బాగా తగ్గింది. ఓటీటీ, బయటి బిర్యానీ, వాడని జిమ్ గురించి నేను చెప్పక్కర్లేదు.

పిల్లల ట్యూషన్ మాత్రం మేం ఆపలేదు. అది మా ఇష్టం, మీ ఇంట్లో ఏది ఆపకూడదో మీరు అనుకోండి.

కంపెనీవాళ్లు రాజీనామా రాసివ్వమంటున్నారు. రాసివ్వాలా?

అక్కడికక్కడే సంతకం పెట్టొద్దు. "ఇంట్లో మాట్లాడి రేపు చెప్తాను" అని వచ్చేయండి. వాళ్లే తీసేస్తే (రిట్రెంచ్‌మెంట్ అంటారు), ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి ఒక నెల ముందు నోటీసు లేదా ఒక నెల జీతం, దానికి తోడు పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. మనంతట మనమే మానేసినట్టు రాసిస్తే ఆ పరిహారం అడిగే దారి మూసుకుపోతుంది. సూపర్‌వైజర్, మేనేజర్ స్థాయి వాళ్లకు ఈ రక్షణ ఉండకపోవచ్చు, వాళ్లకు అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసిన నోటీసు పీరియడే ఆధారం.

మా ఆయన్నీ పిలిచి కాగితం ముందు పెట్టారు, "రికార్డు శుభ్రంగా ఉంటుంది" అన్నారు. ఆయన ఒక రోజు గడువు అడిగి, యూనియన్‌లో పనిచేసిన పెద్దాయన్ని కలిసి, మర్నాడు వెళ్లి "మీరే లెటర్ ఇవ్వండి" అన్నారు. మూడు వారాలు నానబెట్టి ఇచ్చారు. ఆ లెటర్ విలువ తర్వాత తెలిసింది. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వొచ్చు, మన విశాఖలోనే లేబర్ కోర్టు ఉంది. అక్కడిదాకా వెళ్లాల్సి వస్తే పే స్లిప్పులు, ఐడీ కార్డు జిరాక్సు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ కావాలి. కంపెనీ మెయిల్ మూసేయకముందే అవి సొంత ఫోన్లోకి తెచ్చుకోండి.

కంపెనీ నుంచి ఏమేం రావాలి?

ఆఖరి నెల జీతం, మిగిలిన సెలవుల డబ్బు, నోటీసు జీతం, పైన చెప్పిన పరిహారం, గ్రాట్యుటీ (ఏళ్లతరబడి పనిచేసినందుకు చివర్లో ఇచ్చే మొత్తం). కొత్త లేబర్ కోడ్‌లు (కార్మిక చట్టాలు) 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి, వాటి ప్రకారం ఉద్యోగం నుంచి తీసేసినా మానేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్లు నిండాలి, నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగులకైతే కొత్త కోడ్ ప్రకారం ఏడాది చాలు. లెక్క తేలికే: ఆఖరి నెల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి, దాన్ని 15తో హెచ్చించి 26తో భాగించి, ఎన్నేళ్లయితే అన్నిసార్లు. బేసిక్, డీఏ కలిపి 20,000 ఉండి ఎనిమిదేళ్లు చేస్తే సుమారు 92,300 వస్తుంది. 30 రోజుల్లో ఇవ్వాలి.

ఈ డబ్బు వస్తుందని నమ్మి ముందే ఖర్చు రాసుకోకండి. చట్టంలో ఉన్న గడువు వేరు, మన అకౌంట్లో పడే రోజు వేరు. మాకు ఆఖరి రూపాయి పడేసరికి మూడు నెలలు దాటింది.

పీఎఫ్ మొత్తం తీసేయొచ్చా?

తీయొచ్చు గానీ అన్నిటికంటే చివర తీయండి. ఇంతకుముందు ఒక నెల ఖాళీగా ఉంటే 75 శాతం, రెండు నెలలైతే మిగతాది ఇచ్చేవారు. 2025 అక్టోబరులో పీఎఫ్ ట్రస్టీల బోర్డు దీన్ని మార్చాలని నిర్ణయించింది: ఉద్యోగం పోగానే 75 శాతం, మిగతా 25 శాతం 12 నెలలు ఖాళీగా ఉన్నాకే. కాబట్టి "రెండు నెలలాగితే మొత్తం వచ్చేస్తుంది" అని పాత లెక్కన ప్లాన్ వేయకండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా 50,000 లేదా ఆ పైన తీస్తే 10 శాతం పన్ను పట్టుకుంటారు, పాన్ లింకు చేసి లేకపోతే ఇంకా ఎక్కువ. ఆ ఏడాది మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే పన్ను కోయొద్దని కోరే డిక్లరేషన్ ఫారం ఇవ్వండి.

ఉద్యోగం ఉండగా చేయాల్సిన పని ఇక్కడ ఒకటుంది, దీని గురించే అందరికీ గట్టిగా చెప్తాను. ఈ రోజే పీఎఫ్ పోర్టల్ తెరిచి పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా, బ్యాంకు అకౌంట్ నడుస్తున్నదేనా, నామినీ పేరు ఉందా చూడండి. మన తెలుగు పేర్లలో ఇంటిపేరు ఒక చోట అక్షరం, ఇంకో చోట పూర్తిగా ఉండడంతో ఎందరి డబ్బో ఆగిపోతుంది. దిద్దడానికి కొన్ని సందర్భాల్లో యజమాని ఆమోదం కావాలి, ఉద్యోగంలో ఉన్నప్పుడు అది రెండు రోజుల పని, బయటికొచ్చాక కాళ్లరిగేలా తిరగాలి. కంపెనీ ఎగ్జిట్ తేదీ (ఉద్యోగం ఆగిన తేదీ) వేయకపోతే ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత మనమే పోర్టల్లో వేసుకోవచ్చు. పెన్షన్ భాగం వేరు: పదేళ్ల సర్వీసు దాటితే దాన్ని డబ్బుగా తీయడం కుదరదు, 58 ఏళ్లకు పెన్షన్‌గా వస్తుంది.

మాది కాంట్రాక్టు ఉద్యోగం. మాకేమైనా వస్తుందా?

వస్తుంది, కానీ ఎవరూ పిలిచి ఇవ్వరు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే దాన్ని చెల్లించాల్సిన బాధ్యత అసలు కంపెనీదే. పీఎఫ్ నిజంగా కడుతున్నాడో లేదో పాస్‌బుక్‌లో నెలనెలా చూసుకోండి, జీతంలో కోసి కట్టని వాళ్లు ఉన్నారు.

జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కోత పడుతుంటే రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, ఉద్యోగం పోయిన రోజే వైద్యం ఆగదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకు తర్వాతి జనవరి–జూన్‌లో, అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి తర్వాతి జూలై–డిసెంబరులో హక్కు ఉంటుంది. మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లే ముందు మీ కార్డు ఏ తేదీ దాకా నడుస్తుందో బ్రాంచి ఆఫీసులో అడిగి రాసుకోండి. రెండోది, అటల్ బీమిత వ్యక్తి కల్యాణ్ యోజన అని ఉంది (ఇప్పుడూ నడుస్తోందో లేదో బ్రాంచి ఆఫీసులో అడగండి), ఉద్యోగం పోయిన వాళ్లకు జీవితంలో ఒక్కసారి, 90 రోజుల దాకా సగటు రోజు సంపాదనలో సగం ఇచ్చే పథకం. మనంతట మనం రిటైర్మెంటు తీసుకున్నా, తప్పు చేసి తీసేయించుకున్నా రాదు. తీసేసినట్టు లెటర్ అడిగి తీసుకోమని అందుకే అన్నాను.

ఇంటి లోన్ ఈఎంఐ ఎలా?

ఒక్క వాయిదా కూడా తప్పకముందే బ్యాంకుకు వెళ్లండి. మేం జీతం ఆగిన మొదటి వారంలోనే వెళ్లాం. మేనేజరుగారు కసురుకుంటారేమో అని భయపడ్డాం, ఆయన కూర్చోబెట్టి గడువు పెంచితే ఎంత తగ్గుతుందో లెక్క చూపించారు. 13,800 కాస్తా 11,600 అయింది. మొత్తం మీద వడ్డీ ఎక్కువ కడతాం, నిజమే, కానీ ఫ్లోటింగ్ వడ్డీ (మారుతూ ఉండే వడ్డీ) ఇంటి లోన్‌కు ముందే కట్టేసినందుకు జరిమానా ఉండదు, మళ్లీ డబ్బొచ్చినప్పుడు ఎక్కువ కట్టి తగ్గించుకోవచ్చు.

వెళ్లకుండా దాక్కుంటే ఏమవుతుందంటే, ప్రతి బౌన్సుకూ బ్యాంకు చార్జీ, సిబిల్ (అప్పులు ఎలా కడుతున్నామో చూపే స్కోరు) దెబ్బతినడం, 90 రోజులు దాటితే మొండి బకాయి, ఆ తర్వాత సర్ఫేసీ చట్టం (బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకునే చట్టం) కింద 60 రోజుల నోటీసు. కొత్త ఉద్యోగం ఇచ్చేవాళ్లలో కొందరు సిబిల్ కూడా చూస్తున్నారు. లోన్ ఇచ్చేటప్పుడు అంటగట్టిన ఇన్సూరెన్స్ కాగితాలు బీరువాలో ఉంటే తీసి చదవండి, కొన్నిటిలో ఉద్యోగం పోతే మూడు ఈఎంఐలు కట్టే షరతు ఉంటుంది.

చీటీ సగంలో ఉంది. ఆపేయాలా, పాడేయాలా?

ఇంకా పాడని చీటీ అయితే, ఉద్యోగం ఉండగానే పాడుకోవడం మేలని నా అభిప్రాయం. పాడాక డబ్బు చేతికి రావాలంటే జీతం ఉన్న షూరిటీలు కావాలి, ఆయన పే స్లిప్ కూడా కావాలి. మాది లక్ష రూపాయల చీటీ, 25 నెలలు, నెలకు 4,000. పంతొమ్మిదో నెలలో పాడితే చేతికి 89,000 వచ్చింది. మిగిలిన ఆరు వాయిదాలకు 24,000 అదే రోజు విడిగా వేరే అకౌంట్లో వేసి, ఆ కార్డు మా అమ్మ దగ్గర పెట్టాను. చేతిలో ఉన్న 1,22,000లో 65,000 అలా వచ్చిందే. పాడిన చీటీ వాయిదా ఎగ్గొడితే నోటీసు మన షూరిటీ ఇంటికి వెళ్తుంది, ఆ పరువు తక్కువ పని వద్దు.

డ్వాక్రా లోన్ కూడా ఇంతే. మన వాయిదా ఆగితే సంఘం మొత్తానికి చెడ్డ పేరు. సంఘంలో ముందే చెప్పండి, ఆడవాళ్లు అర్థం చేసుకుంటారు.

అప్పు చేయక తప్పకపోతే ఏది మంచిది?

బ్యాంకులో బంగారం తాకట్టు. బీరువాలో ఉన్న గొలుసుకు సెంటిమెంటు ఉంటుంది, నాకూ ఉంది, కానీ బ్యాంకులో పెట్టిన గొలుసు తిరిగొస్తుంది. మెడలో వేసుకునేది కాకుండా వాడనివి పెట్టండి, ఏడాది గడువు తేదీ క్యాలెండర్ మీద రాయండి. "నూటికి మూడు రూపాయల వడ్డీ" చిన్నగా వినిపిస్తుంది, ఏడాదికి 36 శాతం అది. వీధిలో అప్పిచ్చేవాళ్ల దగ్గరికి, ఫోన్లో ఐదు నిమిషాల్లో లోన్ ఇచ్చే యాప్‌ల దగ్గరికి దయచేసి వెళ్లకండి. మా కాలనీలో ఒకామె 8,000 తీసుకుంటే ఆమె ఫోన్లో ఉన్న అందరికీ ఫోన్లు చేశారు, ఆమె రెండు నెలలు గడప దాటలేదు.

ఉద్యోగం ఉండగానే పెద్ద పర్సనల్ లోన్ తీసి దాచుకుందామని కొందరు అడుగుతారు. వద్దంటాను. జీతం లేని నెలల్లో ఇంకో ఈఎంఐ కూడా మొదలైనట్టే.

క్రెడిట్ కార్డు?

ముందు దాన్నే తీర్చేయండి. మినిమం కడుతూ పోతే నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతూనే ఉంటుంది, ఇంట్లో ఇంకే అప్పూ అంత ఖరీదైనది కాదు.

కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఏమవుతుంది?

మామూలుగా ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది. ఇంట్లో షుగరు, బీపీ ఉన్నవాళ్లుంటే ఇది ఈఎంఐ కంటే ముందు చూడాల్సిన విషయం. గ్రూపు పాలసీ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీ సొంత పాలసీకి మారితే, ఇప్పటికే గడిచిన వెయిటింగ్ పీరియడ్ (పాత జబ్బులకు డబ్బు రావడానికి ఆగాల్సిన కాలం) కలిసొస్తుంది. మార్పిడికి దరఖాస్తు పాలసీ నడుస్తుండగానే పెట్టాలి, కాబట్టి నోటీసు పీరియడ్‌లోనే హెచ్‌ఆర్‌ని అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే హెల్త్, లైఫ్ పాలసీల మీద జీఎస్టీ లేదు, పాత లెక్క చూసి ప్రీమియం ఎక్కువని వదిలేయకండి. రేషన్ కార్డు ఉన్నవాళ్లు ఎన్టీఆర్ వైద్య సేవలో పేరు ఉందో లేదో సచివాలయంలో చూసుకోండి. ఏదీ లేని నెలల్లో కేజీహెచ్ (మన విశాఖలో ప్రభుత్వ పెద్దాసుపత్రి) ఉంది, అక్కడ లైన్లో నిలబడడానికి ఎవరూ సిగ్గుపడాల్సిన పని లేదు.

ఎల్ఐసీ, సిప్, సుకన్య సమృద్ధి అన్నీ ఆపేయాలా?

సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టేది) ఆపొచ్చు, చాలావాటిలో కొన్ని నెలలు నిలిపే సౌకర్యం ఉంది. సుకన్యకు ఏడాదికి 250, పీపీఎఫ్‌కు 500 కడితే అకౌంట్ బతికే ఉంటుంది. టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటికి డబ్బిచ్చే లైఫ్ ఇన్సూరెన్స్) మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆపొద్దు. ఎల్ఐసీ పాత పాలసీని సరెండర్ చేసే ముందు దాని మీద లోన్ ఎంత వస్తుందో అడగండి.

స్కూలు ఫీజు కట్టలేకపోతే? పిల్లలకు చెప్పాలా?

నేను స్కూల్లో పనిచేస్తాను కాబట్టి ఇది లోపలి మాట: టర్ము మొదట్లోనే వచ్చి "మూడు భాగాలుగా కడతాం" అని కాగితం మీద రాసిచ్చే తల్లిదండ్రులకు చాలా స్కూళ్లు ఒప్పుకుంటాయి. పరీక్షల ముందు రోజు వస్తే కష్టం. పిల్లలకు చెప్పండి, కానీ అప్పుల లెక్కలు వద్దు. మా పెద్దవాడికి పన్నెండేళ్లు. "కొన్ని నెలలు నాన్న ఇంట్లో ఉంటారు, బయట తినడం తగ్గిద్దాం" అన్నాం. "మన ఇల్లు ఉంటుందా" అని అడిగాడు. ఉంటుందని చెప్పగలిగాం, లెక్క ముందే వేసుకున్నాం కాబట్టి.

పెళ్లిళ్లు, చదివింపులు?

వెళ్లండి, తక్కువ చదివించండి. వెళ్లకపోతేనే మాటలు వస్తాయి. పైగా ఆయన తర్వాతి ఉద్యోగం అనకాపల్లిలో ఒక పెళ్లి భోజనాల దగ్గర మాటల్లోనే తెలిసింది.

వచ్చిన డబ్బంతా పెట్టి టిఫిన్ సెంటర్ పెడదామంటున్నారు.

మొదటి మూడు నెలలు గ్రాట్యుటీ, పరిహారం డబ్బు ముట్టుకోకుండా డిపాజిట్‌లో ఉంచండి. ఆ నెలల్లో మనిషికి "ఏదో ఒకటి చేయాలి" అన్న తొందర ఉంటుంది, చుట్టాలు కూడా సలహాలిస్తారు. నిజంగా ఆ పని మీద మనసుంటే ముందు వేరేవాళ్ల కొట్లో నెలరోజులు తెల్లవారుజామున నాలుగింటికి లేచి పనిచేసి చూడమనండి. ఆ తర్వాతా అదే మాట అంటే, అప్పుడు మాట్లాడుకోవచ్చు.

కొత్త ఉద్యోగంలో జీతం తక్కువ. చేరాలా?

మా ఆయనకు 42,000 ఉండేది, ఏడో నెలలో 33,000కి చేరారు. ఈఎంఐ తగ్గడం, చివర్లో వచ్చిన పరిహారం, ఆ రెండే మమ్మల్ని ఐదో నెల దాటించాయి. చేరేముందు అదే కాగితం తీసి చూశాం: నా జీతంతో కలిపి 47,000, ఆగని ఖర్చు అప్పటికి 36,200. సరిపోతుందని చేరారు. చేరిన రోజే పాత యూఏఎన్ (పీఎఫ్ సభ్యత్వ) నంబరు ఇచ్చి పీఎఫ్ కొత్త కంపెనీకి మార్పించమన్నాను. మొదటి జీతంలో ఫ్రిజ్ వాయిదా, ఆఖరిది, కట్టేశాం.